ఎర్ర రంగు పరీక్షలో పగులు లేదన్నారు, ఇరవై రెండో రోజున షాఫ్ట్ విరిగింది

క్రషర్_ఓర్వకల్లు
మా రాతి క్రషర్‌లో బేరింగులు మార్చడానికి ఏప్రిల్ మొదటి వారంలో జా క్రషర్ (రాయిని రెండు దవడల మధ్య నలిపే యంత్రం) దవడను ఆడించే ఎక్సెంట్రిక్ షాఫ్ట్‌ను బయటికి తీయించాను. ఎలాగూ విప్పాము కాబట్టి పగుళ్ల పరీక్ష కూడా చేయించుకొమ్మని నలుగురూ చెప్పడంతో రంగు పరీక్ష చేసే మనిషిని పిలిపించాను. అతను మూడు డబ్బాలతో వచ్చి, ఎర్ర రంగు కొట్టి, కడిగి, తెల్ల మందు కొట్టి, పావుగంటలో పని ముగించి, పగుళ్లు ఏమీ లేవని కాగితం రాసి ఇచ్చాడు. సరిగ్గా ఇరవై రెండో రోజున, నిండు లోడు మీద నడుస్తుండగా, ఫ్లైవీల్ (బరువైన చక్రం) వైపు బేరింగ్ కూర్చునే మెట్టు దగ్గర షాఫ్ట్ రెండు ముక్కలయింది. ఫ్లైవీల్ ఒరిగి గార్డు మీద ఆగింది. రోజూ ఆ వేళకు అక్కడే నిలబడి గ్రీజు పెట్టే అబ్బాయి ఆ రోజు టీ తాగడానికి వెళ్ళి ఉండబట్టి బతికాడు. షాఫ్ట్ ఖర్చు ఒక ఎత్తు, పదహారు రోజులు క్రషర్ ఆగిపోవడం మరొక ఎత్తు. ఈ పరీక్షను నమ్మవచ్చా, లేక ఇది మూడు డబ్బాల గారడీయేనా అన్నది తెలిసినవారు చెప్పాలి.

లేత్_అనంతపురం
పావుగంటలో మొత్తం ముగిసిందన్న ఒక్క మాట చాలు. అతను చేసింది పరీక్ష కాదు, మీ షాఫ్ట్‌తో హోలీ ఆడి వెళ్ళాడు.

ఎన్‌డీటీ_ఎర్రగుంట్ల
గారడీ అని కొట్టిపారేయకండి. సిమెంటు ఫ్యాక్టరీల షట్‌డౌన్లలో పదకొండేళ్లుగా నేను చేసే పని ఇదే. దీపపు ఒత్తి నూనెను లాక్కున్నట్టే, వెంట్రుక కంటే సన్నని పగులు కూడా ఆ ఎర్ర ద్రవాన్ని తనంతట తానే లోపలికి లాక్కుంటుంది. పైన మిగిలిన రంగును తుడిచివేసిన తరువాత, డెవలపర్ అనే తెల్లటి పొర అద్దుడు కాగితంలాగా పనిచేసి, లోపల దాగిన ఎరుపును బయటికి పీల్చి, అసలు పగులు కంటే ఎన్నో రెట్లు వెడల్పుగా చూపిస్తుంది. లోపలికి పోవడానికీ బయటికి రావడానికీ రెండింటికీ సమయం కావాలి. ఏఎస్‌ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం) కోడ్ 5వ సెక్షన్ 6వ ఆర్టికల్‌లో ఉక్కు పోతలకూ వెల్డింగులకూ కనీసం 5 నిమిషాలు, మీ షాఫ్ట్ వంటి ఫోర్జింగులకు (కాల్చి, కొట్టి మలచినవాటికి) కనీసం 10 నిమిషాలు రంగును నిలవనివ్వాలని ఉంది. డెవలపర్ వేసి ఆరిన తరువాత 10 నిమిషాలకు ముందు తీర్పు చెప్పకూడదు, 60 నిమిషాలు దాటిన తరువాతా చెప్పకూడదు. ఈ లెక్కన నిరీక్షణకే ఇరవై నిమిషాలు పోతాయి, కడగడమూ ఆరబెట్టడమూ వేరు.

అయితే సమయం ఒక్కటే కారణమని ఇప్పుడే అనలేను. పరీక్ష ఎక్కడ, ఏ వేళలో జరిగింది, అంతకుముందు షాఫ్ట్‌ను దేనితో శుభ్రం చేశారు, మిగులు రంగును గుడ్డతో తుడిచాడా లేక క్లీనర్ డబ్బాను నేరుగా షాఫ్ట్ మీదే కొట్టాడా అన్న సంగతులు చెప్పండి.

క్రషర్_ఓర్వకల్లు
షెడ్డు ముందు ఆరుబయట, రెండు కట్టె దిమ్మెల మీద పెట్టి చేశారు. మధ్యాహ్నం రెండు గంటలు అయి ఉంటుంది. ఏప్రిల్‌లో కర్నూలు ఎండ సంగతి మీకు తెలియనిది కాదు. చేతులకు గోనెపట్ట చుట్టుకుంటే తప్ప షాఫ్ట్‌ను దొర్లించలేకపోయాము. అంతకుముందు మేమే డీజిల్‌తో గ్రీజు కడిగి, కాటన్ వేస్టుతో తుడిచి ఉంచాము. క్లీనర్‌ను అతను నేరుగానే కొట్టాడు, ఎర్ర నీళ్లు కారి నేల మీద మడుగు కట్టాయి. అప్పుడు ఎంత బాగా కడుగుతున్నాడో అనుకున్నాను.

మెటలర్జీ_టీచరమ్మ
మీరు చెప్పిన నాలుగు వాక్యాల్లో నాలుగు తప్పులు ఉన్నాయి. మా పాలిటెక్నిక్ విద్యార్థి ఎవరైనా పరీక్షలో ఇలా రాస్తే సున్నా వేసేదాన్ని.

మామూలు రంగు పరీక్షకు లోహపు ఉపరితలం 5 డిగ్రీల నుంచి 52 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఇక్కడ లెక్కలోకి వచ్చేది గాలి వేడి కాదు, ఇనుము వేడి. గోనెపట్ట లేకుండా ముట్టుకోలేని ఇనుము 52 డిగ్రీలు ఎప్పుడో దాటి ఉంటుంది. అంత వేడిలో రంగులోని తేలికైన ద్రవం ఆవిరైపోయి, మిగిలినది జిగురుగా మారి పగులులోనే అతుక్కుపోతుంది. డెవలపర్ ఎంత పీల్చినా అది బయటికి రాదు. ఆ హద్దు దాటి తప్పనిసరిగా చేయవలసి వస్తే, 2024 అనే నంబరు గల రకం అల్యూమినియం దిమ్మెను సుమారు 510 డిగ్రీలకు కాల్చి నీటిలో ముంచి కావాలని పగుళ్లు తెప్పించి, దాని ఒక సగాన్ని మామూలు వేడిలోనూ రెండో సగాన్ని ఆ అసాధారణ వేడిలోనూ పరీక్షించి, రెండూ ఒకేలా కనిపిస్తున్నాయని ముందుగా రుజువు చేసుకోవాలి. మన దేశంలో ఈ పరీక్ష విధానానికి ఐఎస్ 3658 అనే ప్రమాణం కూడా ఉంది. కాగితం రాసి ఇచ్చిన వ్యక్తి దానిలో ఏ ప్రమాణం ప్రకారం చేశాడో రాశాడా?

క్రషర్_ఓర్వకల్లు
"టెస్టెడ్ ఓకే" అని ఉంది, కింద సంతకం ఉంది. ఇంకేమీ లేదు మేడమ్.

ఎన్‌డీటీ_ఎర్రగుంట్ల
టీచరమ్మగారు వేడి గురించి చెప్పినది నిజమే కానీ, నా అనుమానం మడుగు మీద ఎక్కువగా ఉంది. రంగు వేసిన తరువాత, డెవలపర్ వేయడానికి ముందు, ఆ ఉపరితలాన్ని క్లీనర్‌తో కడగడాన్ని నేను చెప్పిన ఆర్టికల్ స్పష్టంగా నిషేధించింది. మొదట పొడి గుడ్డతో, పోగులు రాలనిదానితో, వీలైనంత తుడవాలి. చివరలో మాత్రమే మరొక గుడ్డను క్లీనర్‌తో కొద్దిగా తడిపి, ఒకే దిశలో తుడవాలి. గుడ్డ మీద లేత గులాబీ మరక కనిపించే దగ్గర ఆపివేయాలి. తెల్లగా వచ్చేవరకు తోమితే పగులులోని రంగును కూడా తోడేసినట్టే అవుతుంది.

లేత్_అనంతపురం
డీజిల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. బేరింగ్ మెట్టు దగ్గర పగులు ఉంటే అందులో ఏళ్ల తరబడి గ్రీజు దిగి ఉంటుంది, దాని మీద మీరు డీజిల్ పోశారు. నిండిన కుండలో మళ్లీ నీళ్లు పోస్తే పక్కకు కారడం తప్ప ఏమవుతుంది?

ఆదోని_ట్యాంకులు
నేను నూనె మిల్లులకు 304 స్టెయిన్‌లెస్ ట్యాంకులు చేస్తాను. వెల్డింగు చేసిన చోటల్లా ఈ రంగు పరీక్షే మాకు దిక్కు, ఎందుకంటే ఆ లోహానికి అయస్కాంతం అంటుకోదు. స్టెయిన్‌లెస్ మీద వాడే రంగులో క్లోరిన్ వంటివి చాలా తక్కువగా ఉన్న సరుకునే తీసుకోవాలి, లేకపోతే పరీక్ష కోసం వేసినదే తరువాత పగుళ్లకు కారణం కావచ్చు. ట్యాంకు కారుతుందా లేదా అన్నంతవరకే తెలిస్తే చాలు అనుకున్నప్పుడు మాత్రం, బయట సున్నం పూసి లోపల కిరసనాయిలు రాసి పడుకుంటాము. కారే చోటును తెల్లారేసరికి సున్నమే మరక పెట్టి చూపిస్తుంది. దానికి కోడూ లేదు, సర్టిఫికెట్టూ లేదు, ఇంతవరకు మోసమూ చేయలేదు.

గుంతకల్లు_పాతషెడ్డు
ఆదోని తమ్ముడు చెప్పినదే ఈ పరీక్షకు మూలం. పందొమ్మిదో శతాబ్దపు చివరి నుంచీ రైల్వే వర్క్‌షాపుల్లో ఇరుసులనూ చక్రాలనూ ఇలాగే చూసేవారు. మురికి నూనెను కిరసనాయిలుతో పలుచన చేసి అందులో వస్తువును నానబెట్టి, పైకి తీసి బాగా తుడిచి, సుద్దను స్పిరిట్‌లో కలిపి పూసేవారు. స్పిరిట్ ఎగిరిపోయి తెల్లగా ఆరిన తరువాత సుత్తితో ఒక దెబ్బ వేస్తే, ఆ అదురుకు పగులులోని నూనె సుద్ద మీదికి ఉబికి వచ్చేది. ఆవిరి ఇంజన్ల చివరి రోజుల్లో నేను షెడ్డులో చేరినప్పుడు, మా మేస్త్రి ఈ పద్ధతిని ఒక పాత కనెక్టింగ్ రాడ్ మీద చేసి చూపించాడు. ఎదురుగా ఏమీ లేని తెల్లటి ఇనుము మీద, సుత్తి దెబ్బకు నల్లటి గీత ఒకటి చీమల బారులాగా బయలుదేరింది. ఆ రాత్రి నాకు అన్నం సరిగా దిగలేదు, ఎందుకంటే అంతకుముందు అరగంట ఆ రాడ్‌ను తుడిచి బాగుందని చెప్పింది నేనే.

మెటలర్జీ_టీచరమ్మ
పెద్దాయన చెప్పిన చరిత్ర సరైనదే కానీ, కొత్తవారు ఎవరూ పరీక్ష మధ్యలో సుత్తి ఎత్తవద్దని మనవి. ఉక్కును అయస్కాంతంగా మార్చి, పైన చల్లిన ఇనుప పొడి పగులు దగ్గర పోగవడాన్ని చూసే అయస్కాంత పద్ధతి వచ్చిన తరువాత ఉక్కు వస్తువులకు ఆ నూనె–సుద్ద పద్ధతి దాదాపు వెనుకబడిపోయింది, తరువాత 1940ల్లో మెరిసే రంగులు వచ్చి అయస్కాంతం అంటని లోహాల లోటు తీర్చాయి. ఆ మెరిసే రకాన్ని చీకటిలో 365 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద చూస్తారు, పగులు పసుపు కలిసిన ఆకుపచ్చగా వెలుగుతుంది. ఎర్ర రంగు కంటే సన్నని పగుళ్లు దానికి దొరుకుతాయి.

గుంతకల్లు_పాతషెడ్డు
సుత్తి ఎత్తమని నేను అనలేదమ్మా, ఎత్తేవారని అన్నాను.

తాడిపత్రి_బండలు
తెలియక అడుగుతున్నాను, ఈ ఎర్ర రంగును గ్రానైటు పలకల మీద వాడవచ్చా? పాలిష్ అయిన తరువాత నెర్రె బయటపడితే నష్టమంతా మా మీదే పడుతోంది.

ఎన్‌డీటీ_ఎర్రగుంట్ల
వద్దు. రాయికి తనంతట తనకే సన్నని రంధ్రాలు ఉంటాయి కాబట్టి పలక మొత్తం రంగును తాగేస్తుంది. అప్పుడు పగులు కనిపించదు సరికదా, మీరు తెల్ల గ్రానైటును గులాబీ గ్రానైటుగా అమ్ముకోవలసి వస్తుంది.

తాడిపత్రి_బండలు
గులాబీ రకానికి ధర ఎక్కువే పలుకుతుంది, ఆలోచించవలసిన విషయమే. పరిహాసానికి అన్నాను. మా దగ్గర పాతకాలపు పనివాళ్లు పలక మీద నీళ్లు చల్లి, ఆరుతున్నప్పుడు పక్కకు వంగి చూస్తారు. చుట్టూ ఆరిపోయినా నెర్రె ఉన్న చోట తడి గీత కాసేపు నిలుస్తుంది. కుండను కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టు పలకను కూడా కొట్టి, మోగిందా బొంగురుపోయిందా అని వింటారు. మీ డబ్బాలు చేసే పని కూడా ఈ తడి గీత పనే అని ఇప్పుడు అర్థమయింది.

వెల్డింగ్_కడప
అసలు ప్రశ్నకు వస్తే, షాఫ్ట్ ఉక్కుది అయినప్పుడు రంగు పరీక్ష ఎందుకు చేయించారు? అయస్కాంత కణాల పరీక్ష చేయించి ఉంటే పగులులో గ్రీజు ఉన్నా, నోరు కొద్దిగా మూసుకున్నా దొరికేది. ఏసీ యోక్ అనే రెండు కాళ్ల కరెంటు అయస్కాంతం ఒకటి ఉంటే చాలు. దాని కాళ్లను పని చేసేంత ఎడంగా పెట్టినప్పుడు 4.5 కిలోల ఇనుమును ఎత్తగలిగితే అది పనికివస్తుంది.

ఎన్‌డీటీ_ఎర్రగుంట్ల
కడప అన్న మాటతో ఏకీభవిస్తున్నాను, నన్ను పిలిచి ఉంటే నేనూ యోక్‌నే తెచ్చేవాడిని. కానీ సరిగా చేసిన రంగు పరీక్షకు ఈ పగులు దొరకదని మాత్రం ఒప్పుకోను. ముక్కలు ఇంకా మీ దగ్గరే ఉన్నాయా? విరిగిన ముఖం ఎలా ఉందో, ఎర్ర మరక ఎక్కడైనా ఉందో చూసి చెప్పండి. రంగు లోపలికి పోయి బయటికి రాలేదా, లేక అసలు లోపలికే పోలేదా అన్నది దానివల్ల కొంతవరకు తెలుస్తుంది.

క్రషర్_ఓర్వకల్లు
ఈ రోజు ముక్కను నీడలోకి తెప్పించి టార్చి వేసి చూశాను. ముఖం రెండు రకాలుగా ఉంది. మెట్టు వైపు అంచు నుంచి మొదలై, సుమారు సగం వరకు నున్నగా, నల్లగా ఉండి, ఆల్చిప్ప మీద ఉండే గీతల వంటి వంపు గీతలు ఒకదాని వెనుక ఒకటి ఉన్నాయి. మిగతా సగం చక్కెర పలుకుల మాదిరి గరుకుగా మెరుస్తోంది. నల్లటి భాగాన్ని తెల్ల గుడ్డకు క్లీనర్ అద్ది తుడిస్తే గ్రీజు నలుపూ తుప్పు గోధుమరంగూ వచ్చాయి. గులాబీ రంగు జాడ లేదు. ఒక్క అంచు దగ్గర, చిటికెనవేలి గోరంత మేర, లేతగా ఎరుపు అనిపించింది కానీ అది తుప్పు కూడా కావచ్చు.

మెటలర్జీ_టీచరమ్మ
ఆల్చిప్ప గీతలు ఉన్నాయంటే అది పదేపదే భారం పడి లోహం అలసిపోవడం వల్ల పుట్టి మెల్లగా పెరిగిన పగులు. గరుకు భాగం చివరి క్షణంలో ఒక్కసారిగా తెగినది. నల్లబడిన మేర అంతా ఇరవై రెండు రోజుల్లో తయారయిందని నేను నమ్మను. పరీక్ష నాటికే పగులు అక్కడ ఉంది.

వెల్డింగ్_కడప
ఇరవై రెండు రోజులు గ్రీజులో తిరిగిన తరువాత రంగు కరిగిపోయి ఉండవచ్చు కదా. ఎరుపు లేనంతమాత్రాన రంగు లోపలికి పోలేదని తేల్చలేము.

ఎన్‌డీటీ_ఎర్రగుంట్ల
ఆ ఆక్షేపణ న్యాయమైనదే. అందుకే "కొంతవరకు" అన్నాను. ఒక ప్రశ్న మిగిలింది. డీజిల్‌తో కడగడం తప్ప ఆ మెట్టును ఇంకేమీ చేయలేదా?

క్రషర్_ఓర్వకల్లు
మీరు ఇంతగా అడిగిన తరువాత మా ఫిట్టర్‌ను నిలదీశాను. మెట్టు మూల తుప్పు పట్టి చూడటానికి బాగాలేదని, పరీక్ష చేసేవాడు వచ్చేలోగా యాంగిల్ గ్రైండరుకు ఫ్లాప్ డిస్కు (గరుకు కాగితపు రేకులున్న బిళ్ల) బిగించి అద్దంలాగా మెరిపించాడట. పెళ్లిచూపులకు ముస్తాబు చేసినట్టు చేశాడు. ఇన్నాళ్లూ ఆ మనిషిని తిట్టాను, ఇప్పుడు సగం తిట్లు నా ఇంటికే తిరిగి వచ్చాయి.

ఎన్‌డీటీ_ఎర్రగుంట్ల
కథ అక్కడే పూర్తయింది. గ్రైండరు తిరిగినప్పుడు పైపొర లోహం రొట్టె మీద వెన్న రాసినట్టు పరుచుకొని పగులు నోటిని కప్పేస్తుంది. ఇసుకతో, ఇనుప గుండ్లతో బ్లాస్టింగ్ చేసినా ఇదే గతి. మూసుకున్న నోటిలోకి ఏ రంగూ దిగదు. కీలకమైన భాగాలకు అలాంటప్పుడు పలుచని ఆమ్లంతో పైపొరను కరిగించి ఆ తరువాతే పరీక్షిస్తారు, కానీ గట్టి ఉక్కుకు ఆమ్లం వల్ల పెళుసుదనం వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి అది తెలిసినవారు చేయవలసిన పని. అయినా వచ్చినవాడు మెరుస్తున్న మెట్టును చూసి గ్రైండరు పెట్టారా అని అడగలేదంటే, మిగిలిన సగం తిట్లు అతనికి చెందవలసినవే.

క్రషర్_ఓర్వకల్లు
మా బావమరిది క్రషర్‌లో ఇదే తయారీ, దాదాపు ఇదే వయసు షాఫ్ట్ ఉంది. ఈ వారం బేరింగుల కోసం అతనూ విప్పాడు. గ్రైండరును ముందుగానే గదిలో పెట్టి తాళం వేశాము. ఎర్రగుంట్ల అన్న ఫోనులో చెబుతుండగా నేనే చేస్తాను, తరువాత వచ్చి రాస్తాను.

క్రషర్_ఓర్వకల్లు
ఈ తెల్లవారుజామున చేశాము. తుప్పును మెత్తని బ్రష్షుతో మాత్రమే తీసి, నిన్న సాయంత్రం నుంచి మూడుసార్లు ఎసిటోన్‌తో కడిగి రాత్రంతా షెడ్డులో ఆరనిచ్చాము. ఆరు గంటలకు ఇనుము 28 డిగ్రీలు ఉంది. అన్న ఫోర్జింగ్ కదా అని పదిహేను నిమిషాలు ఆగమన్నాడు, ఆగాము. పొడి గుడ్డలు పదకొండు పట్టాయి, చివరి తడి గుడ్డ మీద లేత గులాబీ కనిపించగానే ఆపేశాను. డెవలపర్ డబ్బాను లోపలి గోలీ మోగేలాగా బాగా ఊపి, మూరెడు దూరం నుంచి, కింది ఇనుము లీలగా కనిపించేంత పలుచగా కొట్టాను. రెండు బల్బులు దగ్గరికి లాగి, ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చున్నాను.

మొదటి నిమిషం ఏమీ లేదు. రెండో నిమిషంలో మెట్టు మూలలో, నలిగిన దారపు పోగు ఒకటి తెల్ల పొర కింద పడి ఉందా అనిపించింది. ఊదబోయి ఆగాను. నాలుగో నిమిషానికి ఆ పోగు గులాబీ అయింది, ఏడో నిమిషానికి కుంకుమ గీత పెట్టినట్టు తేలింది. పది నిమిషాలకు కొలిస్తే మూల వంపు వెంట 46 మిల్లీమీటర్ల పొడవు ఉంది. బావమరిది నోట మాట రాలేదు. మొన్నటి దాకా అదే షాఫ్ట్ మీద రోజుకు పది గంటలు నడిపాడు.

ఎన్‌డీటీ_ఎర్రగుంట్ల
ఫోటో చూశాను. వెడల్పుకు మూడు రెట్లు మించిన పొడవు ఉన్న గీతను కోడ్ గీత రకం (లీనియర్) జాడగా లెక్కపెడుతుంది, మీది ముప్పై రెట్లు ఉంది. అక్కడ చర్చకు తావు లేదు.

ఆదోని_ట్యాంకులు
గాడి తీసి వెల్డింగు చేయించే ఆలోచన ఉంటే మానుకోండి. అవి గట్టిపడే రకం ఉక్కులు, ముందుగా సరిగా వేడిచేయకుండా వెల్డింగు చేస్తే ఆ గీత పక్కనే కొత్త గీత మొదలవుతుంది. నా వృత్తి వెల్డింగే అయినా చెబుతున్నాను.

లేత్_అనంతపురం
వెల్డింగు సంగతి పక్కన పెట్టి, ఆ మెట్టు మూలలో వంపు ఎంత ఉందో రేడియస్ గేజీ (వంపు కొలిచే రేకు) పెట్టి చూడండి. రెండు షాఫ్టులూ ఒకే చోట పగిలాయంటే నాకు మరొక అనుమానం వస్తోంది.

క్రషర్_ఓర్వకల్లు
రెండింటికీ చూశాను. డ్రాయింగులో 6 మిల్లీమీటర్ల వంపు ఉంది. బావమరిది షాఫ్ట్‌కు 2 గేజీ కూడా వదులుగానే కూర్చుంది, అంటే వంపు 2 మిల్లీమీటర్లు కూడా లేదు. మా విరిగిన ముక్కకు, ఫ్లాప్ డిస్కు తిన్నది పోగా, అంతకంటే మెరుగేమీ లేదు. రెండు షాఫ్టులనూ నాలుగేళ్ల కిందట ఒకే లేత్ మీద మెట్టు సరిచేయించాము. ఆ లేత్ ఎవరిదని మాత్రం అడగకండి, దగ్గరి బంధువే.

లేత్_అనంతపురం
మూలను పదునుగా కోసి వదిలితే కాగితాన్ని గోటితో గీరి చింపినట్టే, భారమంతా అక్కడికే చేరుతుంది. కొత్త షాఫ్టులు చేయించేటప్పుడు 6 గేజీని జేబులో పెట్టుకొని వెళ్ళండి.

క్రషర్_ఓర్వకల్లు
బావమరిది షాఫ్ట్‌ను మళ్లీ ఎవరూ ఎక్కించకుండా నిన్ననే గ్యాసు కట్టరుతో మధ్యకు కోయించాము. కొత్తవి రెండూ ఒకేసారి చెప్పాము, ఈసారి బంధువు దగ్గర కాదు. గేజీ పెట్టి చూసి, ఎర్రగుంట్ల అన్న యోక్‌తో వచ్చి పరీక్షించిన తరువాతే మిగతా సగం డబ్బు ఇస్తామని ముందే రాయించుకున్నాము.